కాక్‌పిట్ దాటాక మెట్లు ఎక్కడ?

భారతదేశంలో విమానం నడిపే ప్రతి 100 మంది పైలట్లలో దాదాపు 15 మంది మహిళలు. ప్రపంచ సగటు 5 దగ్గరే ఉంది. పార్లమెంటులో ప్రభుత్వం పలుమార్లు చెప్పిన లెక్క ఇది. విమానాన్ని కనిపెట్టిన అమెరికా, విమానాలు తయారుచేసి ప్రపంచమంతటికీ అమ్మే ఐరోపా ఈ ఒక్క విషయంలో మన వెనకే ఉన్నాయి. గర్వపడవలసిన సంగతే. అయితే అదే సంస్థల గురించి మరికొన్ని ప్రశ్నలు వేసి చూడండి. కొత్త విమానం కొనాలా, అద్దెకు తేవాలా? కడపకు సర్వీసు వేయాలా, కొచ్చికి వేయాలా? అప్పు ఎక్కడ తేవాలి, ఇంధనం ధర పెరిగితే ఏ మార్గం మూసేయాలి? ఈ నిర్ణయాలు జరిగే గదిలో మహిళలు ఎందరు? మన దేశంలో ఒక ప్రయాణికుల విమానయాన సంస్థకు మహిళ సీఈఓ కావడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పట్లో ఎయిరిండియా అనుబంధ సంస్థగా ఉన్న అలయన్స్ ఎయిర్ పగ్గాలు ఆ ఏడాది హర్‌ప్రీత్ ఎ. డి సింగ్ చేతికి వచ్చాయి. విమానం నడపడానికి పనికొచ్చినవాళ్లు విమాన వ్యాపారం నడపడానికి ఇంతకాలం ఎందుకు పనికిరాలేదు? నా ఉద్దేశంలో దీనికి జవాబు సామర్థ్యంలో లేదు, కుటుంబ బాధ్యతల్లోనూ చాలామంది అనుకునేంతగా లేదు. ఎదుగుదలకు కొలత రాసిపెట్టి ఉన్నచోట మహిళ ఎదిగింది. ఆ కొలత పెద్దల మనసులో మాత్రమే ఉన్నచోట ఆగిపోయింది.

కాక్‌పిట్‌లో కొలత ఎంత స్పష్టంగా ఉంటుందో ముందు చూడాలి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. కమాండర్ సీటుకు కావలసిన ఏటీపీఎల్ లైసెన్సుకు 1,500 గంటలు కావాలి. ప్రతి గంటా లాగ్‌బుక్కులో ఎక్కుతుంది. తేదీ, విమానం రకం, పగలా రాత్రా, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ సీటులో కూర్చుని అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆపైన సిమ్యులేటర్‌లో ఇంజిన్ ఆగిపోయినట్టు, పొగ కమ్ముకున్నట్టు కల్పించి ఏటా పరీక్షలు పెడతారు. పాసైతే సీటు ఉంటుంది, తప్పితే పోతుంది. జీతం హోదానూ ఎగిరిన గంటలనూ బట్టి వస్తుంది. తనకన్నా ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో సీనియారిటీ జాబితా చూసి ఎవరైనా చెప్పగలరు. 2021 జనవరిలో ఎయిరిండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు తెచ్చిన నలుగురూ మహిళలే: జోయా అగర్వాల్, మన పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఎవరి దయవల్లో వాళ్లకు ఆ సీట్లు రాలేదు, లాగ్‌బుక్కులో గంటలు ఉన్నందువల్ల వచ్చాయి.

ఆ లాగ్‌బుక్కు మాట చెల్లడానికి కూడా కాలం పట్టింది. దానికి సాక్ష్యం హైదరాబాదులోనే ఉంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ నడుపుతున్న రోజుల్లో ప్రేమ్ మాథుర్ అనే యువతి 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించారు. ఎనిమిది సంస్థలు ఆమెను వద్దన్నాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ తీసుకుంది. ఆ విధంగా భారతదేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ మన బేగంపేట నుంచి ఎగిరారు. 1949లో నేషనల్ ఎయిర్ రేస్ కూడా గెలిచారు. అయినా విమానం పూర్తి బాధ్యత అప్పగించమని అడిగితే సంస్థ ఒప్పుకోలేదు. చివరికి ఆమె డెక్కన్ ఎయిర్‌వేస్‌ను విడిచిపెట్టారు. గంటలు ఉన్నాయి, లైసెన్సు ఉంది, పందెంలో గెలుపు ఉంది. సీటు ఎవరికివ్వాలన్నది మాత్రం యాజమాన్యం ఇష్టంగానే మిగిలింది. తర్వాతి దశాబ్దాల్లో పైలట్ల విషయంలో ఆ ఇష్టానికి నిబంధనలు ముకుతాడు వేశాయి. నేలమీది ఆఫీసులకు ఆ ముకుతాడు రాలేదు.

విమానం లోపల, క్యాబిన్‌లో జరిగింది ఇంకా ఘోరం. అక్కడ నిబంధనలు ఉన్నాయి, కానీ అవి మెట్లు తీసేయడానికి రాసినవి. ఒకప్పుడు ఎయిరిండియాలో యాజమాన్యం పొడిగిస్తే తప్ప ఎయిర్‌హోస్టెస్ 35 ఏళ్లకు రిటైర్ కావాలి. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుంది. తొలి గర్భంతోనే పోతుంది. అదే క్యాబిన్‌లో అదే ట్రాలీ తోసే పురుషుడికి 58 ఏళ్లదాకా ఢోకా లేదు. నర్గేష్ మీర్జా, ఆమె సహోద్యోగినులు కోర్టుకు వెళ్తే 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను స్త్రీత్వానికి అవమానమని కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్లి షరతును మాత్రం సబబేనని వదిలేసింది. ఇక విమానంలో సిబ్బందికి పెద్దగా ఉండే ఇన్‌ఫ్లైట్ సూపర్‌వైజర్ పదవి చాలాకాలం పురుషులకే పరిమితం. 2005 చివర్లో సంస్థ దాన్ని మహిళలకూ తెరిస్తే పురుష సిబ్బందిలో కొందరు కోర్టుకెక్కారు. 2007లో ఢిల్లీ హైకోర్టు, 2011లో సుప్రీంకోర్టు మహిళల పక్షాన చెప్పాకగానీ ఆ వివాదం తెమల్లేదు. ఒక తరంలో ఎందరో పురుషులకన్నా చాలా ముందే ఇంటికి వెళ్లిపోయారు. ఉండిపోయినవారికి పది మంది సిబ్బంది మీద అజమాయిషీ చేసే అవకాశమైనా ఇవ్వలేదు. ఆ తరం నుంచి పైస్థాయి మేనేజర్లు రాలేదేమని ఈరోజు అడిగేవారు ముందు ఈ నిబంధనలు చదవాలి.

క్యాబిన్ పని అంటే అతిథి మర్యాదే కదా, అక్కడినుంచి విమానయాన సంస్థను నడిపే స్థాయికి ఎలా వస్తారు అని కొందరు అంటారు. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో ఏం జరిగిందో వారికి గుర్తుచేయాలి. జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 రన్‌వే మీద కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. లోపల 379 మంది. అనౌన్స్‌మెంట్ వ్యవస్థ పనిచేయలేదు. ఎనిమిది ద్వారాల్లో మూడింటినే తెరవగలిగారు. ఏ కిటికీ అవతల మంట ఉందో చూసి, ఏ తలుపు తీయాలో, ఏది తీయకూడదో క్యాబిన్ సిబ్బందే తేల్చుకుని, మెగాఫోన్లతో అరుస్తూ అందర్నీ దించేశారు. విమానం కాలిపోయింది గానీ అందులోని ప్రాణం ఒక్కటీ పోలేదు. కొద్ది క్షణాల్లో, సగం సమాచారంతో, వందల ప్రాణాల మీద తీసుకున్న ఆ నిర్ణయాలను నాయకత్వం అనక ఇంకేమంటాం? ఆ తర్వాత రెండు వారాలకు జపాన్ ఎయిర్‌లైన్స్ తన కొత్త అధ్యక్షురాలిగా మిత్సుకో తొత్తోరి పేరు ప్రకటించింది. ఆమె 1985లో క్యాబిన్ అటెండెంట్‌గా ఉద్యోగంలో చేరారు. ఆ ఏడాదే జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 520 మంది చనిపోయారు. ఆ నీడలో ఉద్యోగం నేర్చుకుని, క్యాబిన్ భద్రత చూసి, వినియోగదారుల విభాగాన్ని నడిపి పైకి వచ్చారు. ఆమె నియామకానికి హనేడా కారణం కాదు. ఆమె వచ్చిన వృత్తి ఏమిటో మాత్రం హనేడా లోకానికి చూపించింది. మన హర్‌ప్రీత్ సింగ్ దారి కూడా దాదాపు ఇలాంటిదే. 1988లో ఎయిరిండియా ఎంపిక చేసిన తొలి మహిళా పైలట్ ఆమె. ఆరోగ్య కారణాలవల్ల ఎగరలేక విమాన భద్రత విభాగంలో ఎదిగారు. భద్రత విభాగంలో ప్రతి లోపం, ప్రతి తనిఖీ కాగితం మీద ఉంటుంది. పనితీరు దాచడానికి వీల్లేని చోటు అది.

కొలతతో పనిలేకుండా మహిళ పైకి వచ్చిన దారి ఇంకొకటి ఉంది. అది సొంతదారు కావడం. విమాన పరిశ్రమలో దీనికి ఓలివ్ ఆన్ బీచ్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడదు. 1903లో అమెరికాలోని కాన్సస్‌లో పుట్టిన ఆమెకు చిన్నతనంలోనే బ్యాంకు ఖాతా ఉంది. పదకొండేళ్లకే ఇంటి చెక్కులు రాసి బిల్లులు కట్టేవారు. ఇరవై దాటాక విచిటాలోని ట్రావెల్ ఎయిర్ అనే చిన్న విమానాల కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరారు. అక్కడ పైలట్ కానిది ఆమె ఒక్కరే, మహిళ కూడా ఆమె ఒక్కరే. విమానం భాగాల పేర్లు తెలియక ఉత్తరాలు రాయడం ఇబ్బందయితే, ప్రతి భాగం పేరూ రాసిన బొమ్మ ఒకటి గీసిపెట్టమని చీఫ్ ఇంజినీరును అడిగి నేర్చుకున్నారు. తర్వాత వాల్టర్ బీచ్‌ను పెళ్లాడి, మహామాంద్యం నడుమ 1932లో ఇద్దరూ కలిసి బీచ్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టారు. ఆయన విమానం చూసుకున్నారు, ఆమె డబ్బు చూసుకున్నారు. 1936లో దేశం ఈ చివరినుంచి ఆ చివరికి సాగే బెండిక్స్ పందెంలో తమ విమానాన్ని మహిళలే నడపాలని పట్టుబట్టారు. లూయీజ్ థేడన్, బ్లాంచ్ నోయెస్ ఆ పందెం గెలిచి చూపించారు. కంపెనీకి అంతకన్నా మంచి ప్రకటన డబ్బు పోసినా దొరికేది కాదు. 1940లో వాల్టర్ మంచాన పడ్డారు. ప్రసవానికి ఆస్పత్రిలో ఉన్న ఆమెను తప్పించి కంపెనీని చేజిక్కించుకోవాలని కొందరు అధికారులు చూస్తే, ఆమె అక్కడినుంచే పరిస్థితిని చేతిలోకి తీసుకుని వాళ్లను బయటికి పంపారు. రెండో ప్రపంచ యుద్ధంలో కంపెనీ 7,400కు పైగా విమానాలు సైన్యానికి ఇచ్చింది. 1950లో భర్త చనిపోయాక అధ్యక్షురాలై 1968 దాకా నడిపారు. ఇన్నీ చేసిన ఆమె విమానం నడపడం నేర్చుకోలేదు. వ్యాపారం నడపడానికి ఆమెకు ఉపయోగపడింది ఖాతా పుస్తకం, దానితోపాటు ఎవరి అనుమతీ అడగక్కర్లేని వాటా.

ఈ దారిలో వచ్చినవారు ఇంకా ఉన్నారు. వియత్నాంలో న్యుయెన్ థీ ఫూంగ్ థావో వియట్‌జెట్ స్థాపించి 2011 డిసెంబరులో తొలి విమానం ఎగరేశారు. దక్షిణాఫ్రికాలో ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగానికి ఎత్తు చాలదనిపించుకున్న సిబొంగీలే సాంబో 2004లో ఎస్‌ఆర్‌ఎస్ ఏవియేషన్ అనే సొంత చార్టర్ సంస్థే పెట్టుకున్నారు. వీళ్లను పొగిడేటప్పుడు ఒక నిజం దాచకూడదు. మహిళ నాయకత్వం ఉన్నంతమాత్రాన సంస్థ మహిళలను గౌరవిస్తుందన్న హామీ లేదు. వియట్‌జెట్ బికినీ మోడళ్లను విమానంలోకి ఎక్కించి ప్రచారం చేసుకుంది. 2018లో జాతీయ అండర్-23 ఫుట్‌బాల్ జట్టు విమానంలో అదే పని చేసి జరిమానా కట్టి, క్షమాపణ చెప్పింది. కాబట్టి మహిళలు వస్తే విమానయానం పరిశుద్ధమైపోతుందని నేను అనడం లేదు. పురుషులను నాయకత్వంలో పెట్టేటప్పుడు వాళ్ల నుంచి పవిత్రత ఆశించలేదు, అర్హత చూశాం. మహిళలకూ అదే లెక్క వర్తించాలి.

ఈ వ్యాపారం కఠినమైనది, మహిళలకు తగదు అన్న మాట ఎవరో వీధి అరుగు మీద కూర్చుని అన్నది కాదు. 2018లో సిడ్నీలో అంతర్జాతీయ విమానయాన సంస్థల సమాఖ్య ఐఏటీఏ వార్షిక సదస్సు సందర్భంగా ఖతార్ ఎయిర్‌వేస్ అధిపతి అక్బర్ అల్ బాకర్ తన ఉద్యోగం పురుషుడే చేయాల్సినంత కష్టమైనదని అని, విమర్శలు రాగానే క్షమాపణ చెప్పారు. వ్యాపారం కఠినమన్నంతవరకు నిజమే. ఒక్కో ప్రయాణికుడి మీద ప్రపంచ విమానయాన సంస్థలకు మిగిలే లాభం మంచి ఏడాదిలో కూడా దాదాపు పది డాలర్లకు మించదు. మన దేశంలో కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. మూడింటి పగ్గాలూ పురుషుల చేతిలోనే ఉన్నాయి. అయినా ఆ పతనాలకు అప్పులు, ఇంధనం, ఇంజిన్ల కొరత అని కారణాలు వెతికామే తప్ప, పురుషులు ఈ వ్యాపారానికి పనికిరారని ఎవరూ తీర్మానించలేదు. మరోవైపు, మహిళల చేతికి పగ్గాలు వచ్చిన సమయాలు గమనించండి. 2023 సెప్టెంబరులో వెనెస్సా హడ్సన్ క్వాంటాస్ బాధ్యతలు తీసుకునేసరికి, రద్దయిన విమానాలకు టికెట్లు అమ్మారన్న కేసు సంస్థ మెడకు చుట్టుకుని ఉంది. 2024 ఫిబ్రవరిలో జొయానా గెరాటీ జెట్‌బ్లూ సీఈఓ అయ్యేసరికి, స్పిరిట్ సంస్థతో విలీనాన్ని కోర్టు అడ్డుకుని నెలయినా కాలేదు. తేలిక రోజుల్లో మరొకరికి, గడ్డు రోజుల్లో మహిళకు కుర్చీ ఇచ్చి, ఫలితాలు మాత్రం ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. హడ్సన్ ఎక్కడినుంచి వచ్చారో కూడా చూడాలి. ఆడిట్ విభాగంలో చేరి, సీఈఓ కావడానికి ముందు అదే సంస్థకు ముఖ్య ఆర్థిక అధికారిగా పనిచేశారు. లెక్కల దారి అది.

ఇల్లు, పిల్లలు, వేళాపాళా లేని డ్యూటీలు అన్న అభ్యంతరం ఎక్కువమంది నోట వినబడుతుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ కాస్త ఆలోచిస్తే ఇది తిరగబడుతుంది. విమానయానంలో అన్నిటికన్నా గతి తప్పిన వేళలు క్యాబిన్‌లోనూ కాక్‌పిట్‌లోనూ ఉంటాయి. మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నది అక్కడే. పగటి వేళల్లో నడిచే ఆర్థిక, నెట్‌వర్క్ ప్లానింగ్, లీజింగ్ విభాగాల పైమెట్ల మీద వాళ్లు అరుదు. రాత్రి డ్యూటీలే అడ్డంకి అయితే అంకెలు ఇందుకు తలకిందులుగా ఉండాలి కదా. అసలు తేడా ప్రసవం తర్వాత తెలుస్తుంది. 2017 చట్ట సవరణతో 26 వారాల సెలవు వచ్చింది. సెలవు నుంచి తిరిగొచ్చిన పైలట్ వైద్య పరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష పూర్తిచేసి తన లాగ్‌బుక్కుతో మళ్లీ అదే సీటులో కూర్చుంటుంది. ఆమె ఎగిరిన గంటలను ఎవరూ చెరిపెయ్యలేరు. అదే సెలవు నుంచి వచ్చిన మేనేజర్ చూసేసరికి ఆమె నడిపిన రూట్లు ఇంకొకరి చేతిలో ఉంటాయి, ఆమెకు శిక్షణ విభాగమో ప్రచార విభాగమో అప్పగిస్తారు. ముప్ఫై, నలభై ఏళ్ల మధ్య లాభనష్టాల బాధ్యత చేతికి రానివారు యాభై ఏళ్లకు సీఈఓ జాబితాలో ఉండరు.

ఇక పెట్టుబడి. బ్యాంకు అప్పుకు హామీ కావాలి, హామీకి ఆస్తి కావాలి, ఆస్తి ఎవరి పేరున ఉంది? ఈ విషయంలో తెలుగు నేలకు ఒక గౌరవం దక్కింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశం మొత్తానికి ఆ హక్కు 2005లో వచ్చింది. చట్టం వచ్చినా, కట్నం ఇచ్చాంగా అంటూ వాటా ఎగ్గొట్టే ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఎన్నో ఉన్నాయి. మహిళలు విమాన వ్యాపారంలోకి రాకపోవడానికీ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక పొలం ఎవరి పేర రిజిస్టరయిందన్నదానికీ సంబంధం ఉంది. ఇందుకు ఎదురు ఉదాహరణ చిన్న స్థాయిలో ఇప్పుడు కళ్లముందుకు వస్తోంది. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వడానికి రూ.1,261 కోట్లు కేటాయించింది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షలు సాయం. సంఘం సభ్యురాలు పైలట్ శిక్షణ పొంది, ఎకరానికి ఇంతని తీసుకుని పొలాలకు మందు కొడుతుంది. ఇందులో ముఖ్యమైనది డ్రోన్ సంఘం ఆస్తి కావడం. ఆదాయం సంఘం పుస్తకంలో పడుతుంది, మరమ్మతు ఖర్చు ఎంతో, సీజనుకు ఎన్ని ఎకరాలు తిరిగితే గిట్టుబాటో ఆ మహిళలే లెక్క వేసుకుంటారు.

ఇంతకీ, ఉన్న నాయకురాళ్లనే మనం సరిగా లెక్కపెట్టలేదు. హర్‌ప్రీత్ సింగ్ నియామకానికి చాలా ఏళ్ల ముందునుంచే చెన్నై కేంద్రంగా సరుకు విమానాలు నడిపే బ్లూ డార్ట్ ఏవియేషన్‌కు తులసి నౌలఖా మిర్చందానీ మేనేజింగ్ డైరెక్టర్‌గా పనిచేస్తూ వచ్చారు. హైదరాబాదు సహా పెద్ద నగరాల మధ్య పార్శిళ్లను రాత్రికి రాత్రి చేర్చేవాటిలో ఆ సంస్థ బోయింగులూ ఉన్నాయి. ప్రయాణికులు ఎక్కని విమానాలు కాబట్టి ఆమె పేరు ఎక్కువమందికి తెలియదు. మన గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష 2021 జులైలో వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో అంతరిక్షపు అంచులకు వెళ్లొస్తే తెలుగు పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. ఆమె అప్పటికే ఆ సంస్థలో ప్రభుత్వ వ్యవహారాలు, పరిశోధన కార్యకలాపాలు చూసే వైస్ ప్రెసిడెంట్ అన్న సంగతి ఎక్కడో లోపలి పేరాల్లో ఉండిపోయింది. ఎగరడాన్ని పండగ చేసుకుంటాం, పదవిని పట్టించుకోం. కూతురిని పైలట్ చేయాలన్న కల తెలుగు ఇళ్లలో పెరుగుతోంది. విమానాల లీజింగ్ కంపెనీలో, మార్గాల ప్రణాళికలో ఉద్యోగం ఉంటుందని, అదే రేపటి సీఈఓ దారి అని ఆ ఇళ్లకు ఎవరు చెప్పాలి?

చివరిగా, మహిళలకు కోటా పెడితే ప్రతిభ దెబ్బతింటుందన్న అభ్యంతరం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జూన్‌లో ఇచ్చిన సలహా సర్క్యులర్ 2025కల్లా విమానయానంలోని వివిధ హోదాల్లో మహిళలు 25 శాతం ఉండాలని కోరింది. అది సలహా మాత్రమే, ఏ హోదాలో ఎందరున్నారో సంస్థలు ప్రజలకు చెప్పాలన్న షరతు లేదు. ప్రతిభ గురించి బెంగపడేవారితో నేను సగం ఏకీభవిస్తాను. అంకె నింపడానికి నియమించడం మహిళలకే చేటు. అయితే ప్రతిభను కొలవాలంటే ముందు లెక్కలు బయటపెట్టాలి. బ్రిటన్‌లో 250 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థా పురుషులకు, మహిళలకు ఇచ్చే జీతాల తేడా ప్రకటించాలని చట్టం వచ్చింది. ఈజీజెట్ అప్పట్లో ప్రకటించిన సగటు తేడా సగానికి పైనే. ఒకే పనికి తక్కువ జీతం ఇస్తున్నందువల్ల కాదు, ఎక్కువ జీతమున్న పైలట్లలో 94 శాతం పురుషులు కావడంవల్ల. అంతకుముందే ఆ సంస్థను నడిపిన క్యారొలిన్ మెకాల్ మహిళా పైలట్ల నియామకం పెంచే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆమె తర్వాత వచ్చిన యోహాన్ లుండ్‌గ్రెన్ 2018లో తన 7,40,000 పౌండ్ల జీతాన్ని ఆమె తీసుకున్న 7,06,000కు తగ్గించుకున్నారు. ఎవరూ కోటా అడగలేదు, అంకెలు అచ్చయ్యాయంతే. మన డీజీసీఏ ప్రతినెలా సంస్థలవారీగా ప్రయాణికులు ఎందరు, విమానాలు ఎన్ని సమయానికి బయల్దేరాయి, ఎన్ని రద్దయ్యాయి, 10,000 మందికి ఫిర్యాదులు ఎన్ని అని పట్టికలు ప్రచురిస్తూనే ఉంది. స్టాక్ మార్కెట్లో నమోదైన పెద్ద కంపెనీలు బోర్డులో మహిళలెందరో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చెప్పాలి, ఎయిరిండియా, ఆకాశ లాంటి నమోదుకాని సంస్థలకు ఆ బాధ్యత లేదు. నమోదైనవీ కానివీ అన్ని సంస్థలూ ఏడాదికొకసారి ఒక పట్టిక ఇచ్చేలా డీజీసీఏ నిబంధన పెట్టాలి. ఆర్థికం, నెట్‌వర్క్ ప్లానింగ్, ఇంజినీరింగ్, ఫ్లైట్ ఆపరేషన్స్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ విభాగాల్లో మేనేజరు స్థాయినుంచి పైకి ప్రతి మెట్టు మీదా మహిళలెందరు, ఆ ఏడాది పదోన్నతికి అర్హులైనవారిలో ఎందరికి వచ్చింది, ప్రసవ సెలవు నుంచి తిరిగొచ్చినవారిలో ఎందరు పాత బాధ్యతల్లోనే ఉన్నారు అన్నవి అందులో ఉండాలి. ఈ వివరాలన్నీ ప్రతి సంస్థ హెచ్ఆర్ విభాగం కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నవే.